గంట పనికి ఒక రాత్రి గడువు

ఫైళ్లలో మాటలు వెతికిపెట్టే గ్రెప్ కమాండు యూనిక్స్ మాన్యువల్‌కెక్కి యాభై ఏళ్లు దాటింది. దాని మీద నాలుగు ముక్కలు రాయమని ఎడిటరు గారు అడిగి పదిహేను రోజులైంది. రేపు పేజీ పెట్టేస్తున్నారు కాబట్టి ఇప్పుడు కూర్చున్నాను.

వెతుకులాట పాతదే. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దిలో అలెగ్జాండ్రియాలో కాలిమాకస్ గ్రంథాల పట్టికే 120 చుట్టలు రాశాడు. ఆపై రెండు వేల ఏళ్ల పట్టికలు, కార్డులు, బీరువాలు ఒక ఎత్తు. 1973లో న్యూజెర్సీలోని బెల్ ల్యాబ్స్‌లో జరిగింది ఒక ఎత్తు.

అక్కడ లీ మెక్‌మాన్‌కి 'ఫెడరలిస్ట్' వ్యాసాల పిచ్చి పట్టుకుంది. 1787–88లో ముగ్గురు కలిసి ఒకే మారుపేరుతో రాసిన 85 వ్యాసాలవి. ఏది ఎవరిదో మాటల వాడుకను బట్టి తేల్చాలని ఆయన పట్టుదల. అప్పటి పీడీపీ-11 కంప్యూటర్‌లో మెమరీ అంతా కిలోబైట్ల లెక్కే. అంత పాఠాన్ని ఈడీ అనే ఎడిటర్ మింగలేకపోయింది. ఈడీలో జీ కొట్టి, రెండు స్లాష్‌ల మధ్య పదం పెట్టి, పీ కొడితే ఆ పదమున్న పంక్తులన్నీ టెలిటైప్ మీద టకటకా అచ్చయ్యేవి. గ్లోబల్, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్, ప్రింట్: వీటి పొడి అక్షరాలే గ్రెప్.

ఆ ఒక్క పనిని ఈడీ నుంచి విడదీసి, యూనిక్స్ సృష్టికర్తల్లో ఒకడైన కెన్ థాంప్సన్ రాత్రికి రాత్రి వేరే ప్రోగ్రాంగా రాసేశాడని ప్రతీతి. నాకు మాత్రం థాంప్సన్ తర్వాతెప్పుడో చెప్పిన కథే ఇష్టం. ఫైళ్లలో వెతికే సాధనం కావాలని విభాగాధిపతి డగ్ మెక్‌ఇల్‌రాయ్ అడిగితే, రాత్రికి ఆలోచిస్తానన్నాడట. అసలది 'ఎస్' అనే పేరుతో అప్పటికే ఆయన దగ్గరుంది! ఓ గంట కూర్చుని తప్పులు దిద్ది, మర్నాడు చేతిలో పెట్టాడు. కుట్టేసిన జాకెట్టుకి కూడా రేపు రమ్మనే టైలర్లను ఎరిగినవాళ్లకి ఇది కొత్తేం కాదు.

ఫైలునే వెతికే ఫైండ్ కూడా ఆ దశకంలోదే. డిక్ హైట్ రాశాడు. పాత ఫైండ్‌కి చివర్న హైఫన్ పెట్టి ప్రింట్ అని చెప్పకపోతే, డిస్కంతా గాలించి, దొరికినా నోరు విప్పేది కాదు. ఒకసారి పావుగంట చూసి, ఫైలు పోయిందని ఏడ్చినంత పనిచేశాను. 1980లలో వచ్చిన లొకేట్ పేర్లన్నీ ముందే పట్టిక రాసుకుంటుంది. అంటే మళ్లీ కాలిమాకస్ దగ్గరికే.

ఆ తర్వాత వరస చెప్పడం నా వల్ల కాదు. స్పాట్‌లైట్, రిప్‌గ్రెప్, ఇంకా ఏవేవో. అన్నీ వేగమే, ఫోనులో నిన్నటి ఫొటో మాత్రం దొరకదు.

గ్రెప్ తెలుగునీ పట్టుకుంటుంది. మొన్న నా పాత వ్యాసాల్లో 'పెళ్లి' వెతికితే సగమే వచ్చాయి. మిగతా సగంలో 'పెళ్ళి' అని రాసుకున్నాను. దానికవి రెండు వేరే మాటలు. ఫైళ్లు దాచుకునే తెలుగువాళ్లు దయచేసి ఏదో ఒకదానికి కట్టుబడండి.