ఇంటి బీరు పులిసేటప్పుడు వచ్చే దుర్వాసనలు

ఇంట్లో బీరు తయారుచేసే కొత్తవారిని ముందుగా హడలగొట్టేది కుళ్లిన కోడిగుడ్ల కంపు. అమెరికాలో 1978లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం ఇంటి బీరుకు ఫెడరల్ పన్ను మినహాయించాక ఈ సరదా అక్కడ బాగా పెరిగింది. దాంతోపాటే ఈ బెంగా పెరిగింది.

మూత మీది ఎయిర్‌లాక్‌లో నీళ్లు బుడబుడమంటాయి, గదంతా కంపు కొడుతుంది. బీరు పాడైందని పారబోయకూడదు. అది ఈస్ట్ వదిలే హైడ్రోజన్ సల్ఫైడ్. 10 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో పులిసే లాగర్ రకం బీర్లలో మరీ ఎక్కువ. పైకి తన్నుకొచ్చే కార్బన్ డయాక్సైడ్ దాన్ని మోసుకుపోతుంది. ఓపిక పడితే చాలావరకు తగ్గిపోతుంది. అంతవరకు భరించలేకపోతే ఎయిర్‌లాక్ బదులు పొడవాటి గొట్టం బిగించి, దాని కొసను కిటికీ అవతల నీళ్ల సీసాలో ముంచాలి. వాయువు పోయే దారి మాత్రం మూయకూడదు, ఒత్తిడికి పాత్ర పగిలిపోగలదు.

వెన్న వాసన డయాసిటైల్‌ది. పులియడం ముగింపుకొచ్చాక రెండు మూడు రోజులు 16–18 డిగ్రీల వెచ్చదనంలో ఉంచితే ఈస్టే దాన్ని తినేస్తుంది. పోయిందో లేదో ముక్కే చెబుతుంది: రెండు గ్లాసుల్లో కాస్త కాస్త బీరు పోసి, ఒకదాన్ని 60 డిగ్రీల వేడినీళ్లలో అరగంట ఉంచి, చల్లార్చి రెండూ వాసన చూడాలి. వేడిచేసినదాంట్లో వెన్న గుబాళిస్తే ఇంకా ఆగాలి.

ఉడికిన మొక్కజొన్న వాసనకు కారణం డైమిథైల్ సల్ఫైడ్. అది రాకుండా, పులియబెట్టకముందు కాచేటప్పుడే మూత తీసి గంటకు పైగా మరిగించాలి.

వెనిగర్ ఘాటు వస్తే గాలి సోకి ఎసిటిక్ బ్యాక్టీరియా చేరిందని అర్థం. దానికి మందు లేదు.