‘స్టేబుల్‌గా ఉన్నారు’ అంటే ఏమిటి?

అత్యవసర చికిత్సా విభాగం బయట నిరీక్షిస్తున్న బంధువులకు డాక్టరు నోట ‘పేషెంటు స్టేబుల్‌గా ఉన్నారు’ అన్న మాట వినబడగానే ప్రాణం లేచివస్తుంది. గండం గడిచిందనుకొని కొందరు ఊరికి తిరుగు ప్రయాణమవుతారు. పాఠక మిత్రులారా, ఆ మాటకు అంత అర్థం లేదు.

లాటిన్ భాషలో ‘స్టారె’ అంటే నిలబడుట. దాని నుండి పుట్టిన ‘స్టబిలిస్’ ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చి ‘స్టేబుల్’ అయింది. మన స్థితి, స్థిరం, స్థానం అనే పదాలకు మూలమైన సంస్కృత ధాతువు ‘స్థా’ దీనికి జ్ఞాతి. గుర్రపుసాలకూ ఇంగ్లీషులో ఇదే పేరు. అది పశువులు నిలుచుండే చోటు గదా!

శరీరపు నిలకడను శాస్త్రీయంగా తొలుత వివరించినవాడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు క్లాడ్ బెర్నార్డ్. బయటి ఎండావానలు ఎలా ఉన్నా కణాల చుట్టూ ఉండే ద్రవం తన గుణాన్ని కాపాడుకొంటుందని 19వ శతాబ్దంలో ఆయన ప్రతిపాదించాడు. అమెరికా శరీరధర్మ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1926లో దీనికి ‘హోమియోస్టాసిస్’ అని నామకరణం చేశాడు. ‘హోమియో’ అంటే ‘ఒకే విధమైన’ అని కాదు, ‘దాదాపు అటువంటి’ అని. కానన్ కోరి ఎంచుకొన్న పదమది. రక్తపు పీహెచ్ 7.35, 7.45 మధ్య కదలుతూనే ఉంటుంది. ఆ కదలికే ఆరోగ్యం.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, 1917లో, ఫ్రాన్సు వెళ్ళి గాయపడిన సైనికులలో ‘షాక్’ను పరిశీలించినవాడు కూడా ఈ కాననే. రక్తం పోతున్నప్పుడు శరీరం రక్తనాళాలను బిగించి, గుండె వేగాన్ని పెంచి, రక్తపోటును కొంతసేపు నిలబెడుతుంది. మీటరు మీద అంకె బాగుంటుంది, లోపల నిల్వ తరిగిపోతూ ఉంటుంది. ఆ నిల్వ అయిపోయిన క్షణాన అంకె ఒక్కసారిగా కూలుతుంది. యువకులలో ఈ మోసం ఎక్కువ.

కనుక ‘స్టేబుల్’ అంటే ప్రస్తుతానికి మార్పు లేదని మాత్రమే. విషమ స్థితి కూడా మార్పు లేకుండా ఉండవచ్చు. అమెరికా ఆసుపత్రుల సంఘమైతే రోగి స్థితిని తెలిపేందుకు ఈ పదాన్ని అసలు వాడవద్దని సూచించింది. మన బులెటిన్లలో మాత్రం అది రాజ్యమేలుతున్నది.

ఈసారి ఆ మాట వింటే మర్యాదగా రెండు ప్రశ్నలు వేయండి. “రక్తపోటు దానంతట అదే నిలుస్తున్నదా, మందుల ధారతో నిలుస్తున్నదా? ఊపిరి సొంతమా, వెంటిలేటరుదా?” జవాబు విన్న తరువాతే ఊరి బస్సు సంగతి చూసుకోండి.