డ్యూక్ వీధి వర్తకం

అమెరికాలోకి విదేశాల నుంచి బానిసలను తీసుకురావడాన్ని నిషేధించిన చట్టం 1808 జనవరి 1న అమలులోకి వచ్చింది. అయితే అది అడ్డుకున్నది సముద్రం దాటి వచ్చే సరఫరానే తప్ప దేశంలోపల సాగే క్రయవిక్రయాలను కాదు. పొగాకు సాగు సన్నగిల్లిన వర్జీనియా, మేరీలాండ్ యజమానుల లెక్కలో బానిసలు అవసరానికి మించి ఉండగా, పత్తి నుంచి గింజలు వేరుచేసే జిన్ను యంత్రం 1793లో వచ్చాక మిసిసిపీ, లూసియానాలలో విస్తరించిన తోటలకు ఎందరు వచ్చినా చాలలేదు. 1790, 1860ల మధ్య దాదాపు 10 లక్షల మందిని దక్షిణాదిలోని పాత రాష్ట్రాల నుంచి కొత్త ప్రాంతాలకు తరలించిన వ్యవహారానికి ఈ అసమతుల్యం తెచ్చిన ధరల తేడాయే మూలం.

టెనెసీ వర్తకుడు ఐజాక్ ఫ్రాంక్లిన్ (1789–1846), అతని భాగస్వామి జాన్ ఆర్మ్‌ఫీల్డ్ 1828లో, అప్పటికి రాజధాని జిల్లాలో భాగమైన అలెగ్జాండ్రియాలోని డ్యూక్ వీధిలో ఈ వర్తకానికి దుకాణం తెరిచారు. రొక్కం ఇస్తామని పత్రికల్లో ప్రకటించి ఆర్మ్‌ఫీల్డ్ అక్కడ కొనేవాడు. నాచెజ్, న్యూ ఆర్లియన్స్‌లలో ఫ్రాంక్లిన్ తోటల యజమానులకు, తరచు అరువు మీద, అమ్మేవాడు. మగవారిని జంటలుగా సంకెళ్లతో బిగించి 1,000 మైళ్లకు పైగా నడిపించే బిడారును ‘కాఫిల్’ అనేవారు. ఇది మనకు హిందుస్తానీ ద్వారా తెలిసిన ‘కాఫిలా’కు, అంటే అరబ్బీ మాటకు, ఆంగ్ల రూపమే. మరికొందరిని ఓడల్లో పంపేవారు. వాటిలో ఒకదాని పేరు కూడా ‘ఐజాక్ ఫ్రాంక్లిన్’. ఆ మనుషులు విదేశాల నుంచి వచ్చినవారు కారని రుజువు చేయడానికి ఓడ అధికారి ప్రతి ఒక్కరి పేరు, వయసు, ఎత్తు, రంగు రాసి పట్టిక సమర్పించాలని దిగుమతిని నిషేధించిన చట్టమే ఆదేశించింది. బానిసల పేర్లు నేటికీ మిగిలి ఉండటానికి, విచిత్రంగా, ఆ సరకుల పట్టికలూ ఒక కారణం.

1833లో నాచెజ్‌లో కలరాతో చనిపోయిన బానిసల శవాలను ఫ్రాంక్లిన్ రహస్యంగా పూడ్పించిన సంగతి బయటపడగా, పట్టణ పాలకులు చేసిందల్లా ఆ సంతను పొలిమేర దాటించడమే. బానిస వర్తకులను పెద్దమనుషులు అంటరానివారిగా చూసేవారని దక్షిణాదిలో తర్వాత చెప్పుకున్నారు గానీ, 1839లో ఇతనికి పిల్లనిచ్చినది నాష్‌విల్‌లో పేరున్న న్యాయవాది. ఫ్రాంక్లిన్ కొన్న తోటల్లో ‘అంగోలా’ ఒకటి. ఆ స్థలంలో నేడు లూసియానా రాష్ట్ర కారాగారం ఉంది, అక్కడి పొలాల్లో ఖైదీలు పని చేస్తున్నారు.