లక్సెంబర్గ్: ఉపాధి రంగాల చరిత్ర

లక్సెంబర్గ్ ఫ్రాన్స్, బెల్జియం, జర్మనీల నడుమ 2,586 చదరపు కిలోమీటర్లలో ఇమిడిన దేశం. 19వ శతాబ్దంలో అక్కడి జనానికి సేద్యమే ఆధారం. అది కడుపు నింపక వేలాదిమంది అమెరికాకు వలసపోయారు.

దక్షిణాన ఎష్, డుడెలాంజ్ పరిసరాల్లో ‘మినెట్’ అనే ఇనుప ఖనిజం పుష్కలంగా ఉండేది. అందులో భాస్వరం ఎక్కువ కావడంతో ఉక్కు పెళుసుబారేది. కొలిమి లోపలి పూతకు డోలమైట్ వాడి భాస్వరాన్ని వేరుచేసే పద్ధతిని బ్రిటన్‌లో సిడ్నీ గిల్‌క్రిస్ట్ థామస్ కనిపెట్టాడు. లక్సెంబర్గ్‌లోని మెట్జ్ సంస్థ 1879లోనే దాని హక్కులు కొన్నది. దేశ చరిత్రలో ఇంతకు మించిన మలుపు లేదు. ఆ కొలిముల్లో తేలే భాస్వరపు తెట్టును (స్లాగ్) పొడిచేసి ఎరువుగా చల్లితే ఉత్తరాది కొండల్లోని నిస్సారమైన పొలాలు కూడా పండాయి! 1911లో ఆర్బెడ్ అనే ఉక్కు కంపెనీ ఏర్పడింది. గనుల్లోకి, కొలిముల్లోకి ఇటలీ కూలీలు వచ్చారు. ఆ తరువాతి దశాబ్దాల్లో పోర్చుగీసువారు వచ్చి భవన నిర్మాణ రంగానికి వెన్నెముక అయ్యారు.

1974లో ఉక్కు ఉత్పత్తి 60 లక్షల టన్నులు దాటింది. మరుసటి ఏడే గిరాకీ కుప్పకూలింది. ప్రభుత్వం, యజమానులు, కార్మిక సంఘాలు కలిసి కూర్చుని, మిగులు కార్మికులను వీధిన పడేయకుండా ప్రజోపయోగ పనులకు మళ్లించాయి. ఆ భారంలో కొంత పన్నుల రూపంలో ప్రజలు మోశారు. పరిశ్రమ చితికినా సమాజం చితకకపోవడం ఈ ఒప్పందాల ఘనతే. చివరి బ్లాస్ట్ ఫర్నేస్ 1997లో బెల్వాల్‌లో ఆగింది. ఇప్పుడు తుక్కు ఇనుమును విద్యుత్ కొలిముల్లో కరిగిస్తున్నారు. ఆర్బెడ్ 2002లో ఆర్సెలార్‌లో, ఆర్సెలార్ 2006లో లక్ష్మీ మిత్తల్ సంస్థలో కలిశాయి.

ఉక్కుకు ప్రత్యామ్నాయంగా ఎదిగిన ఆర్థిక సేవల రంగానికి పునాది ముందే పడింది. ఇతర కంపెనీల వాటాలను చేతిలో ఉంచుకునే హోల్డింగ్ కంపెనీలకు పన్ను రాయితీనిచ్చే చట్టం 1929లో వచ్చింది. తొలి యూరోబాండ్లను (జారీ అయిన దేశానిది కాని కరెన్సీలో ఉండే రుణపత్రాలను) 1963లో లక్సెంబర్గ్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో నమోదు చేశారు. పెట్టుబడి నిధులపై ఐరోపా నిబంధనలను 1988లో అందరికన్నా ముందు చట్టంగా మార్చుకోవడంతో, ఫండ్ల నమోదులో ఈ దేశం ఐరోపాలో మొదటి స్థానానికి చేరింది. జాతీయోత్పత్తిలో ఆర్థిక సేవల వాటా సుమారు నాలుగో వంతు. ఉద్యోగాల్లో మాత్రం దాదాపు పదో వంతే. వ్యాపారం, నిర్మాణం, రవాణా, ఆరోగ్య సేవలు, ప్రభుత్వ కొలువులు ఎక్కువమందికి జీవనాధారం. 1952లో బొగ్గు, ఉక్కు సమాజంతో అడుగుపెట్టిన ఐరోపా సంస్థలూ వేలమందికి పని ఇస్తున్నాయి.

ఉద్యోగుల్లో దాదాపు సగంమంది, అంటే 2 లక్షల పైచిలుకు, రోజూ పొరుగు దేశాల నుంచి సరిహద్దు దాటి వచ్చేవారే. అందులో ఫ్రాన్స్ వారిది పెద్ద వాటా. వారి జీతాల మీద పన్ను లక్సెంబర్గ్‌కు చేరుతుంటే, వారి పిల్లల బడుల ఖర్చు తమ మీద పడుతోందని ఫ్రాన్స్‌లోని లొరైన్ పట్టణాలు పరిహారం అడుగుతున్నాయి.