వరంగల్‌లో కిరాయి ఇంటి ముచ్చట

వేసవి సెలవులు వచ్చినవంటే మన సంఘానికి వచ్చే సోదరుల నోట ఒకటే మాట: "సార్, మా తాహతుకు తగ్గ ఇల్లేదన్నా ఉన్నదా?" ఈ వెతుకులాట ఈనాటిది కాదు. ఉర్దూలోని కిరాయా అనే మాట తెలుగువారి నోట కిరాయి అయి ఇక్కడ స్థిరపడినట్లే, కిరాయిదారు కూడా ఈ ఊరికి పాత చుట్టమే.

నిజాం కాలమున వరంగల్ ఒక సుబాకు కేంద్రము. సుబేదారు కచేరీ ఉన్నచోటు నేటికీ సుబేదారి అనే పిలువబడుచున్నది. కచేరీ వెంట గుమస్తాలు వచ్చిరి. హజ్రత్ అఫ్జల్ బియాబానీ (వఫాత్ 1856) ఖాజీగా ఉండిన పుణ్యమున పేరు వచ్చిన కాజీపేట, 1929లో బల్లార్షా లైను కలిసిన తర్వాత పెద్ద జంక్షనైంది. రైలు ఉద్యోగులు వచ్చిరి. అందరికంటే ఎక్కువమందిని తెచ్చింది మాత్రం 1934లో స్థాపించబడిన ఆజంజాహీ మిల్లు.

మిల్లులో పద్మశాలీలు, మనవాళ్లు పక్కపక్కనే పనిచేసిరి. క్వార్టరు దొరికినవాడు అదృష్టవంతుడు. దొరకనివాడు మట్టెవాడ, గిర్మాజిపేట, మండీబజారు గల్లీల్లో తిరగవలసినదే. పెంకుటింట్లో ఒక గది, ముందర దాలాన్, నలుగురికీ ఒకటే చేదబావి, ఆడవాళ్ల మరుగుకు గుమ్మానికి గోనెపట్టా పరదా. కిరాయి హాలీ సిక్కాలో ఇచ్చేవారు. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దారు రూపాయలకు సమానం.

1959లో మెడికల్ కాలేజీ, ఇంజనీరింగ్ కాలేజీ, 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం వచ్చినవి. చదువు వచ్చింది, సంతోషమే. కాని నలుగురు విద్యార్థులు కలిసి ఇచ్చే కిరాయి ఒక సంసారి ఎట్లా ఇస్తాడు? మిల్లు 2002లో మూతపడ్డది. క్వార్టర్లూ పోయినవి.

చట్టం లేదా అంటే ఉన్నది. 1954 నాటి హైదరాబాదు చట్టం, దాని స్థానంలో 1960 చట్టం వచ్చినవి. కిరాయికి రసీదు అడిగే హక్కు అందులో ఉన్నది. అయితే 2005 సవరణతో కార్పొరేషన్లలో నెలకు 3500 రూపాయలు దాటిన ఇండ్లు దాని కిందికి రావు. ఆ లోపల ఇల్లు ఇప్పుడెక్కడున్నది!

మా సంగతి కొంత చెప్పాలె. 2009లో హన్మకొండలో ఒక ఇల్లు చూసినాము. నచ్చింది, కిరాయి కుదిరింది. అప్పుడు పేరు అడిగిరి. చెప్పినాము. "ఇంట్లో అడిగి చెప్తం" అన్నారు. మర్నాడు పోతే ఇల్లు ఇచ్చేసినమన్నారు. టులెట్ బోర్డు మాత్రం నెలదాకా అట్లనే వేలాడింది. మనవారిని కూడా అనక తప్పదు: మన మొహల్లాలోనే ఒక పెద్దమనిషి ఆరునెలల అడ్వాన్సు అడిగిరి, రసీదు మాటెత్తితే మొహం చిట్లించిరి.

చివరకు ఇల్లిచ్చింది ఒక పద్మశాలి అవ్వ. ఆమె పెనిమిటి మిల్లు కార్మికుడు. క్వార్టర్లలో వాళ్ల పక్కిల్లు మనవాళ్లదేనట. రంజాన్ నాడు వచ్చిన సేమియా ముచ్చట చెప్పి, "అయిదో తారీఖుకు పైసలియ్యి సారూ, నల్లా వచ్చినప్పుడు మోటరు పెట్టకు" అన్నది, అంతే. మొదటి నెల కిరాయి ఇచ్చి రసీదు అడిగినాము. అవ్వ నవ్వి, గోడమీది క్యాలెండరులో బొగ్గుతో ఒక గీత గీసింది.