యంత్రము అక్షరమును పోల్చుకొనిన కథ

భూపాలపల్లి ప్రాంతమున బడికి పోవు ఏ బాలుడైనను "మహదేవపూర్" అను పేరును తడుముకొనకుండ చదువగలడు. మ, హ, దే, వ, పూ, ర్ - ఆరక్షరములని లెక్కయు చెప్పగలడు. ఆ పేరునే కంప్యూటరునకిచ్చి, "ఇవన్నియు అక్షరములేనా?" అని పైథాన్ భాషలో అడిగినచో "కావు" అని బదులు వచ్చును. ఈ వింతకు కారణము తెలియవలెనన్న కొంత వెనుకటి చరిత్ర చూడవలెను.

కంప్యూటరు అక్షరముయొక్క రూపము నెరుగదు. దానికి తెలిసినది సంఖ్య యొక్కటే. 1963లో అమెరికాలో ఆస్కీ అను పట్టిక వెలువడెను. అందు 128 స్థానములు. 48 మొదలు 57 వరకు అంకెలు. 65 మొదలు 90 వరకు ఇంగ్లీషు పెద్దబడి అక్షరములు. చిన్నబడి అక్షరములు 1967 సవరణలో 97 మొదలు 122 వరకు స్థిరపడినవి. ఇట్లు వరుసగా నుండుటచే, సంఖ్య ఏ హద్దులలో నున్నదో చూచి గుర్తుయొక్క జాతిని చెప్పుట సులభమయ్యెను.

1986లో వచ్చిన ల్యాబ్‌వ్యూ అను భాషలో ఆజ్ఞలను వ్రాయుటకు మారుగా బొమ్మలను తీగెలతో కలుపుదురు. అందు గుర్తుల జాతిని తెలుపు బొమ్మ యొకటి కలదు. గుర్తు ఖాళీయైన 2, అంకెయైన 3, పెద్దబడియైన 4, చిన్నబడియైన 5 అని అది చెప్పును. 127 దాటిన సంకేతములన్నింటికిని దాని సమాధానము ఒక్కటే: సున్న!

మన అక్షరములు ఆ సున్నలోనే పడినవి. 1991లో భారత ప్రమాణముగా నిలిచిన ఇస్కీ పట్టికలో ఆస్కీని కదల్పక, పై సగమును భారతీయ లిపుల కిచ్చిరి. అందు "క" సంఖ్య 179. ఆ బొమ్మకు "క" యు, తెలుగు అంకె "౧" యు ఒకే జాతి.

అదే 1991లో వెలువడిన యూనికోడ్ 3072 మొదలు 3199 వరకు తెలుగునకు ప్రత్యేక స్థలమిచ్చెను. ప్రతి సంకేతమునకు జాతియు నిర్ణయమయ్యెను. "క" అక్షరము, "౧" అంకె, గుణింతపు గుర్తులు, పొల్లు మరియొక జాతి. ఆ లెక్కలో "మహదేవపూర్" తొమ్మిది సంకేతములు: ఆరు అక్షరములు, మూడు గుర్తులు. దకారముపై ఏత్వము, పకారమునకు కొమ్ముదీర్ఘము, చివరి రకారముపై పొల్లు - ఇవియే ఆ మూడు. కనుకనే "అన్నియు అక్షరములు కావు" అని యంత్రము పలికినది.

యంత్రము అబద్ధమాడలేదు, ప్రశ్నయే తెలుగునకు సరిపడదు. అక్షరములను మాత్రమే అంగీకరించు దరఖాస్తులో రమేష్, శ్రీనివాస్ వంటి పేర్లు తప్పులుగా తేలును. గుణింతము హల్లును విడిచి నిలువదని మన పలకమీది పాఠము. "అక్షరము వెంట వచ్చు గుర్తు చెల్లును, ఒంటరి గుర్తు చెల్లదు" అని ఆ పాఠమునే నియమముగా చేర్చినచో, మహదేవపూర్ పేరు ఏ పరీక్షలోనైనను నెగ్గును.