కాలువ తెచ్చిన అల్లుడి మర్యాద

సంక్రాంతి అల్లుడికి కోనసీమలో జరిగే మర్యాద తాతముత్తాతల నాటిదని అందరూ అంటారు. అందులో సగమే నిజం. పండక్కి కూతుర్నీ అల్లుణ్నీ పిలవడం పాత మాటే. కానీ కొత్త జంట భోగికి ముందే దిగి, ముక్కనుమ దాటాక కూడా కదలకుండా, పొద్దున్నే తలంటు పోసుకుని, పూటకో పిండివంట తింటూ తీరిగ్గా గడిపే విడిదికి కావలసినవి వేరు. ఇంట్లో మిగులు ధాన్యం ఉండాలి, చేతిలో రొక్కం ఆడాలి, వచ్చిపోయే దారి ఉండాలి. ఈ మూడూ కోనసీమలోని మామిడికుదురు ప్రాంతానికి ఒక్కసారిగా అందింది 1852 తర్వాతే. మనం ఇవాళ చూస్తున్న అల్లుడి మర్యాద కాలువలు పెంచి పెద్దచేసిన ఆచారమని నా వాదన.

మామిడికుదురు నగరం దీవిలో ఉంది. ఒక పక్క వైనతేయ, ఇంకో పక్క వసిష్ఠ, కింద సముద్రం. చుట్టూ నీళ్లే అయినా పంటకు పనికొచ్చే నీళ్లు తక్కువ. వానాకాలంలో వరద, చలికాలంలో ఏరు తగ్గి ఇసుక మేటలు, పోటు వస్తే పాయల్లోకి ఉప్పునీరు. వరి పండితే వానదయ, లేకపోతే లేదు. 1832-33 కరువు, 1839 నాటి కోరంగి ఉప్పెన గోదావరి సీమను కుదేలు చేశాయి. జనం తగ్గారు, శిస్తు పడిపోయింది. ఆ స్థితి చూసే కంపెనీ ప్రభుత్వం గోదావరికి ఆనకట్ట కట్టాలన్న ఆర్థర్ కాటన్ నివేదికకు తలూపింది. అలాంటి ఊళ్లో పుష్యమాసం నాటికి గాదెలో మిగిలేది తిండిగింజలూ విత్తనాలే. ఇక వారాల తరబడి అల్లుణ్ని కూర్చోబెట్టి మేపే ఇళ్లు ఎన్ని ఉంటాయి?

ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఆ దశాబ్దంలోనే గన్నవరం దగ్గర వైనతేయ మీద 49 ఖానాల అక్విడెక్టు కట్టి, ఏటి మీదుగా కాలువను నగరం దీవిలోకి దాటించారు. 2000లో పక్కన కొత్తది కట్టేదాకా ఈ దీవి పొలాలు తాగింది ఆ పాత కట్టడం మీద పారిన నీళ్లే. ఇక్కడ నెలల లెక్క గమనించాలి. డెల్టా కాలువలు కట్టేసేది ఎండాకాలంలో. సంక్రాంతి వేళకు అవి నిండుగా పారుతుంటాయి. సార్వా కోతలు అయిపోయి ధాన్యం ఇంటికి చేరేదీ అప్పుడే. రైలు ఎరగని కోనసీమలో బియ్యం బస్తాలకూ మనుషులకూ ఆ కాలువల్లో తిరిగే పడవలే బండ్లు. పంట చేతికొచ్చిన నెలలోనే దారి కూడా తెరిచి ఉండటం ఈ ఆచారానికి కలిసొచ్చింది.

విడిది లోపలి వస్తువులను చూసినా ఇదే తేలుతుంది. అరిసెలకు కొత్త బియ్యం నానబెట్టి, తడిమీదే దంచి, జల్లించి, బెల్లం పాకంలో కలపాలి. కనుమనాటి గారెలకు మినుములు కావాలి. తలంటుకు పెరట్లో రాగి కాగు ఎక్కించి, కింద ఎండు కొబ్బరిమట్టలూ డొక్కలూ ఎగదోసి, కుంకుడు పులుసు సిద్ధం చేస్తే అల్లుడికి పొగలు కక్కే నీళ్లు. చలికాలపు భోగం ఆ కాగులోదే. దానికింద మండేది కొబ్బరితోట చెత్త. ఆ తోటల కాయలే అంబాజీపేట బజారుకు వెళ్లి రొక్కమై తిరిగొచ్చాయి. పులస దొరికేది వానాకాలంలో కనుక అది ఈ విస్తరికి రాదు. అల్లుడికి పెట్టేదంతా ఆ ఋతువులో ఆ నేల ఇచ్చిందే.

రాయలసీమలోనూ తెలంగాణలోనూ పండక్కి అల్లుణ్ని పిలుస్తారు కదా, అక్కడ కాలువలేవి అని అడగవచ్చు. పిలుపుకు కాలువ అక్కర్లేదు. నా మాట పిలుపు గురించి కాదు, ఆ విడిది నిడివి, విస్తరి వైశాల్యం గురించి. మామిడికుదురు పక్కనే ఆదుర్రులో బౌద్ధ స్తూపం ఉంది, ఈ సీమ ఆనాడే లోకంతో కలిసి ఉంది కదా అన్నదీ సబబైన ప్రశ్నే. కానీ భిక్షువులూ వర్తకులూ ఏరు దాటి రావడం వేరు, వేల కుటుంబాలు ఏటా పిల్లల్ని పిలిపించుకోగలగడం వేరు. ఆ రెండో రకం మిగులుకు సాక్షి లంకల గన్నవరం డొక్కా సీతమ్మ గారు. 1841లో పుట్టి 1909లో కన్నుమూసిన ఆవిడ అంతర్వేది యాత్రికులతో సహా వచ్చిన వాళ్లందరికీ వేళాపాళా లేకుండా అన్నం పెట్టారు. ఆమె దాతృత్వం ఆమెది, ఆ గుణం ఏ కాలువా ఇవ్వదు. అయితే అంత జనం ఆ దారిన నడవడం, అంత బియ్యం ఆ చుట్టుపక్కల దొరకడం కాలువల కాలపు సంగతులు. మరో అభ్యంతరానికి మాత్రం తల వంచాలి. ఈ భోగం భూమి ఉన్నవాళ్లది. కోత కోసిన కూలీ ఇంట్లో అల్లుడికి ఆ విడిది లేదు, ఉన్న ఇంట్లోనూ ఆడవాళ్లకు పొయ్యి దగ్గర నుంచి తీరిక లేదు. ఆచారాన్ని పొగిడేటప్పుడు ఈ లెక్క దాచకూడదు.

ఇప్పుడు పాశర్లపూడి దగ్గర వైనతేయ మీద వంతెన ఉంది, పంటు కోసం కాచుకోనక్కర్లేదు. అల్లుళ్లు హైదరాబాద్ నుంచి, అమెరికా నుంచి దిగుతున్నారు. గల్ఫ్ డబ్బుతో కొన్ని కొత్త ఇళ్లలోనూ విస్తరి పరిచారు. 2022 సంక్రాంతికి ఏటి అవతల నరసాపురంలో 365 రకాలతో విందు పెడితే దేశమంతా చెప్పుకుంది. దిండి రిసార్టులు పండగ నెలకు కిటకిటలాడతాయి. మరోవైపు ఈ మర్యాదను నిలబెట్టిన కాలువల్లో గుర్రపుడెక్క పేరుకుంది, మురుగు కలుస్తోంది. 2011లో డ్రెయిన్లు పూడి, ధర గిట్టక కోనసీమ రైతులు వేల ఎకరాలు బీడుపెట్టి క్రాప్ హాలిడే ప్రకటించారు. పంట మానేసిన ఊళ్లో అల్లుడి విస్తరి కొట్టు సరుకుతో నింపాల్సిందే. అందుకే సంక్రాంతికి వచ్చే కూతుళ్లూ అల్లుళ్లూ ఊరికి ఏదైనా చేయాలనుకుంటే, ముగ్గుల పోటీకి బహుమతులిచ్చే డబ్బులో కొంత కాలువ పూడికతీతకు ఇవ్వాలి.